పట్టుకున్న అంచు

మా దిక్కున మనిషి పోతే మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళు బతికుండగా ఇష్టపడ్డవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలినట్టు. అప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇస్తారు. ఎవరి మాటకు పిట్ట వాలితే ఆ మాట నిలబెట్టాలి. దానికి ఎదురు చెప్పేవాడు ఉండడు.

నా భార్య భాగ్య కిందటేడు రోహిణి కార్తెలో జ్వరంతో పోయింది. మూడోనాడు భూపాలపల్లి బయట వాగు ఒడ్డున విస్తరి పెట్టాం. పిట్ట రాలేదు. నేను మాట ఇచ్చాను. రాలేదు. జనగామ నుంచి వచ్చిన మా అత్త గట్టమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని ముందుకొచ్చింది.

“బిడ్డా భాగ్యా, నీ పోరిని నేను సాదుకుంట. జనగామకు తీస్కపోత. రంది పెట్టుకోకు బిడ్డా, తిను.”

కాకి వాలింది. మాంసం ముక్క ఎత్తుకుపోయింది.

నా బామ్మర్ది అరుణ్ నా వైపు చూసి తల ఊపాడు. జనగామలో ఎరువుల దుకాణం పెట్టుకుని నాలుగు ఊళ్ళ పంచాయితీలు తెంపేవాడు. అక్కను కాల్చిన మూడోనాడు కూడా వాడికి అది గెలిచిన పంచాయితీలాగే కనిపించింది. ఆ తల ఊపడం నేను మర్చిపోలేదు. మర్చిపోను.

పిల్లకు అప్పటికే ఇక్కడి బడి పుస్తకాలు కొన్నాం కాబట్టి ఈ ఒక్క తరగతి ఇక్కడే చదవనివ్వమనీ, ఏడాది మాసికం అయ్యాక తీసుకుపొమ్మనీ పెద్దమనుషులు తేల్చారు. నా బిడ్డ శ్రేయకు అప్పుడు ఎనిమిదేళ్ళు. దాన్ని ఎవరూ అడగలేదు. నన్నూ అడగలేదు.

ఆ ఏడాదంతా ఎట్లా గడిచిందో చెప్పను. చివరి ఎండాకాలం సంగతే చెబుతాను.

బడికి సెలవులిచ్చాక అత్త పిలిపిస్తే శ్రేయను కొన్నాళ్ళు జనగామకు పంపాను. అరుణ్ కారులో తెచ్చి దించాడు. దించినవాడు లోపలికి రాలేదు. ఆ సాయంత్రమే అత్త ఫోన్ చేసింది. తన మనవరాలు జనగామలో బేకరీ బర్గర్‌లు కడుపు నిండా తిన్నదనీ, నా దగ్గర అన్నం మెతుకు ముట్టడం లేదనీ, పిల్ల పుల్లలాగా అయిందనీ చెప్పింది. ఆడమనిషి లేని కొంప అని కూడా అంది. నా ఇంట్లో ఆడమనిషి ఉంది. తొమ్మిదేళ్ళది. వంటింటి గడప మీద కూర్చుని ఆ మాటలన్నీ వింటోంది.

పిల్ల తినడం లేదన్నది అబద్ధం కాదు. నేను వండిన అన్నం ముందు కూర్చుని ముద్దలు లెక్కపెట్టి లేచేది. నేను కోప్పడితే ఇంకా తక్కువ తినేది.

మర్నాడు బస్టాండు పక్క బేకరీలో బన్నులు కొన్నాను. ఫోన్‌లో ఒకామె నవ్వుకుంటూ బర్గర్ చేస్తోంది. ఆమె వంటిల్లు మా క్వార్టరంత ఉంది. ఆమె చెప్పినట్టే చేశాను. ఆలుగడ్డ ఉడికించి బిళ్ళ చేసి వేయించాను. తెల్లటి సాసు పోశాను, టమాటా కోసి పెట్టాను, చీజు పరిచాను. శ్రేయ రెండు చేతులతో ఎత్తి కొరికింది. బిళ్ళ వెనక నుంచి జారి ఒళ్ళో పడింది. సాసు మోచేతి దాకా కారింది. తడిసిన బన్ను చేతిలోనే చిరిగింది.

“మామ కొనిచ్చింది గిట్ల లేకుండే,” అంది.

ఏడవలేదు. గౌను తుడుచుకుని పోయి పడుకుంది. ఏడిస్తే బాగుండేది.

నేను బొగ్గు బాయిలో పని చేస్తాను. భూమి లోపలి బాయి. లోపల తాగడానికే నీళ్ళు మోసుకుపోతాం, చేతులు కడుక్కోవడానికి ఉండవు. మర్నాడు తినేవేళ ఈ సంగతి ప్రేమ్‌సింగ్‌కు చెప్పాను. వాడిది మహబూబాబాద్ పక్కన తండా. మా క్వార్టర్ల వరసలోనే ఉంటాడు. వాడి భార్య చంద్రి రెండు జొన్న రొట్టెల నడుమ పొడి తొక్కు, ఉల్లిగడ్డ పెట్టి కాగితంలో గట్టిగా చుట్టి పంపుతుంది. వాడు దాన్ని కాగితంతోనే పట్టుకుని కొరుకుతూ నా మాటంతా విన్నాడు. విన్నాక నవ్వాడు.

“సోమన్నా, ఇన్నేండ్ల సంది బాయిల నువ్వు తినేది బర్గరే. పేరు తెల్వక తింటున్నవ్.”

నాకు నవ్వు రాలేదు. కానీ వాడి చేతిలోని రొట్టెను చూశాను. వాడు సగం తిన్నా ఒక్క ఉల్లి ముక్క కింద పడలేదు.

వాడు చివరి దాకా తిని, కాగితం జారి వేళ్ళు తగిలిన అంచు మాత్రం తుంచి మూలకు విసిరాడు. మేమంతా అంతే. నల్లటి వేళ్ళు తగిలిన అంచు తినం. అది బాయిలో ఎలుకలది. ఎలుకలు తిరుగుతున్నన్ని రోజులు పైకప్పు పదిలంగా ఉన్నట్టని పాతవాళ్ళు చెప్పేవాళ్ళు. అందుకే ఆ అంచు ఎవరికీ బరువు కాదు.

ఆ రోజు ఇంటికి వచ్చి ఫోన్ తీసి అటకమీద పెట్టాను. బొబ్బర్లు పొద్దున్నే నానేసి పోయాను. గట్టిగా రుబ్బి, చిల్లు పెట్టకుండా వెడల్పుగా గారె తట్టి వేయించాను. బన్నును రెండుగా కోసి, కోసిన ముఖాన్ని పెనం మీద ఎర్రగా కాల్చాను. కాలిన ముఖం తడిని పీల్చదు. కింద గారె, దాని మీద ఉల్లిగడ్డ, ఆ పైన మామిడికాయ తొక్కు. తొక్కు పైమూతకే రాశాను. తడి కిందికి దిగేలోపు తినడం అయిపోవాలి. అంతా అరచేత్తో ఒత్తి పేపర్‌లో చుట్టి ఇచ్చాను.

మొదటి ముద్దకే శ్రేయ కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. మిరపకాయలు నా నాలుకకు తగ్గట్టు వేశాను. ఏడాదిగా ఇంట్లో అంతా నా నాలుకకే వండుతున్నానని అప్పుడు తెలిసింది. తొక్కు తీసేసి, బెల్లం కలిపి మళ్ళీ రాసి ఇచ్చాను. తిన్నది. నేను చూడనట్టు గిన్నెలు కడుగుతూ నిలబడ్డాను.

“బాపు, గీ పేపరెందుకు?” అని అడిగింది.

బాయిలో ఎట్లా తింటామో చెప్పాను. ఎలుకల సంగతి కూడా చెప్పాను. నోరు తెరుచుకుని విన్నది. చివరికి చేతిలో పట్టుకున్న అంచు మిగిలింది. దాన్ని తీసుకుపోయి పెరటి గోడ మీద పెట్టింది.

తిండి పారేస్తావా అని కసిరాను.

“నువ్వు ఎలుకలకు ఏస్తవు గద. ఈడ ఎలుకల్లేవు. కాకులున్నయి.”

ఒక కాకి వచ్చి అంచు ఎత్తుకుపోయింది.

ఆ రోజు నుంచి అదే వరస. మొదటి షిఫ్టు అడిగి వేయించుకున్నాను. బాయి నుంచి పైకొచ్చి స్నానం చేసి పొయ్యి ముట్టించేసరికి నాలుగవుతుంది. ఒక రోజు గుడ్డు అట్టును బన్ను కొలతకు మడిచి, మధ్యలో పుల్లటి పుంటికూర పెట్టాను. ఇంకో రోజు సర్వపిండిని పల్చగా ఒత్తి కాల్చి, స్టీలు గ్లాసు బోర్లించి గుండ్రంగా కోసి, బన్నుకు బదులు అదే వాడాను. పల్లీలు, నువ్వులు పంటి కింద పటపటమంటుంటే ఆలుగడ్డ మెత్తగా తగిలింది. అది శ్రేయకు నచ్చి రెండు రోజులు వరసగా చేయించుకుంది. కీరదోసకాయతో ముక్కు, పచ్చి బఠానీతో కళ్ళు పెట్టి ఒకదానికి మీసాలు కూడా దిద్దింది. అది అరుణ్ మామ అంది. నేను ముందు దాన్నే తిన్నాను.

తీపి అడిగితే జొన్న రొట్టెను బెల్లం, నెయ్యి వేసి నలిపి, ఆ మలీదను కాల్చిన బ్రెడ్డు ముక్కల నడుమ పెట్టాను. దాని వాసనకు క్వార్టర్ల వరసలో పిల్లలంతా గేటు దగ్గర చేరారు. వాళ్ళ తల్లులు వచ్చి ఎట్లా చేయాలో నేర్పమన్నారు. నేర్పనని చెప్పాను. చూసి నేర్చుకోవడానికి అడ్డం లేదని కూడా చెప్పాను. వాళ్ళు కిటికీ దగ్గర నిలబడి నేర్చుకున్నారు.

కాకులు కూడా నేర్చుకున్నాయి. ఎండకు పగలంతా ఎక్కడ దాక్కునేవో కనిపించేవి కావు. నాలుగు గంటలకు కరెంటు తీగ మీద వరసగా కూర్చునేవి, రేషన్ దుకాణం ముందు జనంలాగా. శ్రేయ గోడ మీద అంచు పెట్టి పక్కకు జరగ్గానే దిగేవి.

నడి ఎండల్లో అత్త వీడియో కాల్ చేసింది. శ్రేయ చేతిలో బర్గర్ చూపించింది. అత్త ముఖం మాడింది. బండ్ల మీద అమ్మే తిండి పెట్టి పిల్ల కడుపు పాడు చేస్తున్నానని నన్ను తిట్టింది. వాళ్ళు కొంటే ముద్దు, నేను వండితే చెత్త. తర్వాత అసలు మాట చెప్పింది. జనగామ బడిలో సీటు అయిపోయింది, యూనిఫాం కుట్టడానికి ఇచ్చారు. ఏడాది మాసికం కాగానే పిల్లను కారెక్కిస్తారు.

ఆ రోజు శ్రేయ బర్గర్ సగంలో ఆపింది. అంచు కాదు, సగమూ గోడ మీద పెట్టి వచ్చింది.

“బాపు, అమ్మమ్మ మాటను మార్చొద్దా?”

“పిట్ట ముందర ఇచ్చిన మాట. మేం మారిస్తే ఊకోరు.”

“మల్ల ఎవలు మారుస్తరు?”

“పిట్ట చెప్పింది పిట్టే మార్చాలె,” అన్నాను. విసుగుతో అన్న మాట. అది మాత్రం నా ముఖంలోకి చాలాసేపు చూసి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

మాసికం జనగామలో చేద్దామని అరుణ్ అన్నాడు. కాళేశ్వరంలో గోదారి ఒడ్డునైతే కాకులు కావలసినన్ని అని కూడా అన్నాడట. అత్త ఒప్పుకోలేదు. కూతురు పొయ్యి ముట్టించిన ఇంట్లోనే పెట్టాలని పట్టుబట్టింది. అది రివాజు. ఆ ఒక్క మాటలో నేను ఆమెతో కలిశాను.

రెండు కార్లలో వచ్చారు. అరుణ్ భార్య ఊర్మిళ నా వంటిల్లు తన చేతికి తీసుకుంది. ఏట మాంసం, కార్జం, బగారన్నం, పూర్ణాలు, ఒక సీసాలో కల్లు. కారు డిక్కీలో శ్రేయ కోసం ఖాళీ సూట్‌కేసు కూడా ఉంది. మిట్టమధ్యాహ్నం పెరట్లో గోడ కింద విస్తరి పెట్టి అందరం వెనక్కి జరిగాం.

ఆకాశంలో ఒక్క రెక్క లేదు.

అత్త ముందుకు పోయి నిరుటి మాటే చెప్పింది. రాలేదు. కొంచెం ఆగి గొంతు పెంచి చెప్పింది. రాలేదు. అరుణ్ వెళ్ళి ఏసీ గది, బడి బస్సు, ట్యూషను అన్నీ చదివాడు. భాగ్య ఏసీ గదిలో ఎన్నడూ పడుకోలేదు. ఊర్మిళ కన్నకూతురి లెక్క చూసుకుంటానంది. వెంట వచ్చిన వాళ్ళు కూడా తలా ఒక మాట చెప్పారు. విస్తరిలో నెయ్యి కరిగి మట్టిలోకి కారింది. పిట్ట ముట్టేదాకా ఎవరూ తినకూడదు. పొద్దున జనగామలో చాయ్ తాగి బయలుదేరినవాళ్ళు గోడ నీడకు ఒక్కొక్కరే కూలబడ్డారు.

“బావా, నువ్వొక మాట అనరాదు,” అన్నాడు అరుణ్.

“నిరుడు నేనన్న. మీరు వినలే. ఇప్పుడు మీరనుండ్రి, నేనింట.”

ప్రేమ్‌సింగ్ నా పక్కనే నిలబడ్డాడు. తీగ వైపు చూసి, గడియారం చూసుకుని, చాలా మర్యాదగా చెప్పాడు. “జర ఓపిక పట్టుండ్రి సార్. ఇది బాయి ఊరు. ఈడి కాకులకు షిఫ్టు ఉంటది.”

అరుణ్ వాడిని కొట్టేలా చూశాడు. అంతకుమించి ఏమీ చేయలేకపోయాడు. నా పెరడు అది.

శ్రేయ వచ్చి నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది. వంగాను. చెవిలో చెప్పింది.

“ఇంకా టైం కాలే బాపు. నువ్వు పోయి పొయ్యి ముట్టియ్యి.”

దాని ముఖంలో ఏడుపు లేదు. బాయిలోకి దిగే ముందు దీపం సరిచూసుకునే మనిషి ముఖం అది. నేను లోపలికి పోయాను.

ప్రేమ్‌సింగ్ వాళ్ళ తండాలో బోరు కింద వేసిన మక్క కంకులు తెచ్చి ఇచ్చాడు. ముందురోజే ఒలిచి పెట్టాను. జీలకర్ర, ఎల్లిగడ్డ వేసి కచ్చాపచ్చాగా రుబ్బి, వెడల్పుగా తట్టి వేయించాను. బన్ను కాల్చాను. ఉల్లిగడ్డ, తొక్కు పెట్టి ఒత్తి, పేపర్‌లో చుట్టాను. నెలన్నరగా రోజూ చేస్తున్న పని.

బయటికి తెచ్చేసరికి అరుణ్ లేచి అడ్డం వచ్చాడు.

“గిదేంది బావా? పిట్టకు బర్గర్ పెడతవా? నలుగురు నవ్వుతరు.”

“మక్క గారె. మీ అక్కకు పానం. మీ అవ్వను అడుగు.”

అత్త తల దించుకుంది. నిజం కాబట్టి దించుకుంది. అరుణ్ పక్కకు జరిగాడు.

శ్రేయకు ఇచ్చాను. అది పేపర్ విప్పింది. అంచు తుంచింది. రోజూ పెట్టే చోట, గోడ మీద కాలిన ఇటుక పక్కన పెట్టింది. మిగతాది పక్కనే ఉంచి, రోజూ జరిగినంత దూరమే జరిగింది. తీగ మీదికి ఒక కాకి వచ్చి కూర్చుంది. దాని పక్కన ఇంకోటి.

నేను గోడ ముందు నిలబడ్డాను. పెద్దగా చెప్పలేదు.

“భాగ్యా, బిడ్డ నా తాననే ఉంటది.”

కాకి దిగింది. అంచును ముక్కుతో ఒకసారి తిప్పి చూసి ఎత్తుకుంది. వెనకే రెండోది దిగి గారెను లాగింది. తర్వాత ఎన్ని దిగాయో చూడలేదు. గోడ నల్లబడింది. గోడ మీదిది అయిపోయాక కిందికి దూకి ఊర్మిళ వండిన విస్తరిని కూడా ఊడ్చేశాయి.

చెప్పాల్సింది పెద్దమనిషి. అందరూ అత్త వైపు చూశారు. ఆమె కాకుల్ని చూసింది, శ్రేయను చూసింది. శ్రేయ ఆమెను చూసి నవ్వలేదు, తప్పించుకోనూ లేదు.

“ముట్టింది,” అంది గట్టమ్మ.

పెరట్లో గాలి కదిలినట్టయింది. అరుణ్ ఏదో అనబోయాడు. అత్త చెయ్యి ఎత్తింది. వాడు నోరు మూసుకున్నాడు.

“ఆకలైతాంది అల్లుడా,” అంది ఆమె. “నాక్కూడ గదే చెయ్యి. పండ్లు లేవు, మెత్తగ చెయ్యి.”

చేశాను. ఆమెకు బన్ను కాల్చకుండా, గారె పిండిని రెండోసారి దంచి పలచగా చేశాను. శ్రేయ పేపర్ చుట్టడం నేర్పింది. ఆమె పీట మీద కూర్చుని, కాగితంతో పట్టుకుని, దవడలు మెల్లగా ఆడిస్తూ తిన్నది. కూతురి పేరు ఒకసారి పలికింది, నాతో కాదు. అందరికీ చేశాను. బగారన్నం ఉన్నా బర్గరే అడిగారు. ఊర్మిళ రెండోది అడిగింది. అరుణ్ బర్గర్‌లో మాత్రం మిరపకాయలు పెట్టాను, నా నాలుకకు తగ్గట్టు. మొదటి ముద్దకే వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. అత్త ఎదురుగా కూర్చుని ఉంది. పారేయలేక, చెప్పలేక, ముక్కు తుడుచుకుంటూ తిన్నాడు.

నాలుగు గంటల సంగతి నేను చెప్పలేదు. ప్రేమ్‌సింగ్ చెప్పలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు. అన్నం పెట్టిన చేతిని పిట్ట గుర్తుపట్టడంలో మోసం ఏముందో నాకు తెలియదు. నిరుడు వాళ్ళు నమ్మిన పిట్టే ఇది.

సూట్‌కేసు ఖాళీగానే కారులో ఉండిపోయింది. జనగామలో కుట్టిన యూనిఫాం ఎవరికైనా ఇచ్చుకోమన్నాను. ఉండమని ఎవరినీ అడగలేదు. అత్త కారెక్కేముందు శ్రేయ తల నిమిరి, దసరాకు నేనే వస్త, నాకు తీపిది చేయించు అంది. రానివ్వచ్చు. ఆమెను రానిస్తాను.

అంతకుముందు, అందరూ తింటుండగా, అరుణ్ చివరి ముద్ద నోట్లో పెట్టుకోబోయాడు. శ్రేయ వాడి చెయ్యి పట్టుకుంది.

“మామా, అంచు తినొద్దు. గది పిట్టలది.”

వాడు నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

లేచాడు. ఇస్త్రీ చొక్కాతో గోడ దాకా నడిచి, ఆ అంచును ఇటుక పక్కన పెట్టాడు. పెట్టి అక్కడే నిలబడ్డాడు. తీగ మీద కాకులు అట్లాగే కూర్చున్నాయి. వాడు దూరం జరిగేదాకా ఒక్కటీ వాలలేదు.